ప్రసన్నపొర

2074 నాటికి విశాఖలో ఏడుపుముఖం చూసినవాళ్ళు అరుదు. ఏడ్చేవాళ్ళు లేక కాదు, అందరి కళ్ళ మీదా ప్రసన్నపొర ఉంది కనుక. కంటిపాపకు అతుక్కునే ఆ పలుచని లెన్సు ఎదుటివాళ్ళ ముఖకవళికల్ని కొలిచి, రెప్పపాటులో వాటిపై చిరునవ్వు గీసేస్తుంది. గయ్యాళి అత్త కూడా పెళ్ళికూతురిలా కనిపిస్తే ఇంకేం కావాలి!

దాన్ని కనిపెట్టింది మందాకిని. ముప్పై ఏళ్ళ క్రితం ఒక స్టూడియోలో కార్టూన్ బొమ్మలకు నీడలు దిద్దే గ్రాఫిక్స్ ఇంజనీరుగా చేరి, చివరికి ఆ సంస్థకే అధినేత్రి అయింది. రేపటి నుంచి ఆ పొరను శస్త్రచికిత్సతో కంట్లోనే అమరుస్తారు. ప్రయోగాలు పోగా మొదటి కళ్ళు ఆమెవే. ఇక తీయడమంటూ ఉండదు.

"ఎవరికైనా అభ్యంతరాలున్నాయా?" చివరి సమావేశంలో అడిగింది.

"లేవు మేడమ్," అన్నారు అందరూ నవ్వుముఖాలతో.

ఆ గదిలో ఆమెకు తప్ప ఎవరికీ పొర లేదు. తయారుచేసేవాళ్ళు ఉత్తకళ్ళతోనే పనిచేయాలని ఆమే నియమం పెట్టింది.

మస్తాన్‌వలీ నవ్వుతూనే ఉన్నాడు. నీడల రోజుల నుంచీ ఆమె పక్కసీటు స్నేహితుడు. కానీ అతని చేతిలో టీకప్పు సాసర్లో టకటకమంటోంది. పొర ముఖాలనే దిద్దుతుంది, చేతుల్ని కాదు. బల్ల మీద ఆ చేతినీడ వణకడం ఆమె కంటబడింది.

ఏళ్ళ తర్వాత పొర తీసింది.

ఒక్క నవ్వూ లేదు. ముఖాలన్నీ పాలిపోయి, పడగెత్తిన పామును చూస్తున్నట్టు ఆమె వైపే చూస్తున్నాయి. తన వెనక ఏదో ఉందనుకుంది. మెల్లగా తిరిగి చూసింది.

నల్లటి అద్దపుగోడ. అందులో బిగిసిన దవడ, చిట్లించిన కళ్ళు, వంకరపోయిన పెదవి. అద్దంలో ఇన్నాళ్ళూ తన నవ్వే చూసుకున్న మందాకినికి ఆ ముఖం ఎవరిదో తెలియడానికి కాసేపు పట్టింది.

"తీసేశావా మందా?" అన్నాడు వలీ. "అయితే విను తల్లీ. ప్రయోగానికి అమర్చుకున్న ముగ్గురికీ చూపు పోతోంది. చెబుదామని ఎన్నిసార్లు వచ్చామో! నీ ముఖం చూసి నోరు పెగల్లేదు."

చూపు మాట ఆమె చెవికెక్కింది. కానీ అద్దంలోని ముఖం కదలడం లేదు. దాన్ని ఇంకో క్షణం భరించడం ఆమెవల్ల కాలేదు. పొర మళ్ళీ అతికించుకుంది.

అందరూ హాయిగా నవ్వారు. అద్దంలోనూ నవ్వే.

"ఇక అభ్యంతరాలు లేవుగా?"

వలీ చేతిలో కప్పు టకటకమంటూనే ఉంది.

"రేపటిలోగా," అంది మందాకిని, "చేతుల్ని కూడా దిద్దేలా చూడండి."