పాతలాకుల దగ్గర ఆగిన లారీ

ముమ్మిడివరం దాటి కాట్రేనికోన వైపు వెళ్ళే దారిలో, కాలవ పక్కన, పాతలాకులని ఒక చోటుంది. పడవలు తిరిగిన రోజుల్లో లాకు తలుపులు తీసి మూసే మనిషి అక్కడ కాపురముండేవాడు. పడవలు ఆగిపోయేయి. మనుషులూ వెళ్ళిపోయేరు. కప్పు కూలిన పెంకుటిల్లూ, తుప్పుపట్టిన తలుపులూ, వాటి మధ్య నల్లగా నిలవున్న నీళ్ళూ మిగిలేయి.

చీకటి పడ్డాక అక్కడ ఎవరూ ఆగరు. సైకిలు చెయిను ఊడిపోతే, సైకిలు భుజానేసుకుని మరీ ముందుకి పోతారు.

ఎందుకంటే... అడుగుతుందట.

ఎప్పుడో ఆ లాకుల్లో పడిపోయిన ఆడమనిషి. కేకలెయ్యదు, ఏడవదు. ఆగినవాళ్ళని చీకట్లోంచి మెల్లిగా, ఎంతో మర్యాదగా అడుగుతుందట — "ఎందాకా వెళ్తారండీ?"

బదులు చెప్పకపోతే మన దారిన మనం పోవచ్చు. చెప్పేమో... మనతో ఇంటికొచ్చేస్తుందట.

ఆ దారినే లారీ తోలేవాడు శ్రీరాములు. అతనికి దెయ్యాలంటే చచ్చేంత భయం. పాతలాకులు వస్తున్నాయంటే చాలు, హారన్ మీంచి చెయ్యి తియ్యడు, పక్కకి చూడడు. అతని తమ్ముడు మాణిక్యాలరావు. చిన్నప్పుడే అమ్మా నాన్నా పోతే తమ్ముణ్ణి శ్రీరాములే పెంచేడు. పెద్దయ్యేక ఇద్దరూ కలిసి, ఉన్న కొబ్బరితోటలో ఓ ముక్క అమ్మి ఆ లారీ కొన్నారు. అన్న తోలేవాడు, తమ్ముడు కిరాయిలు కుదిర్చేవాడు.

తొంభై నాలుగు ప్రాంతంలో, కోనసీమంతా రొయ్యల చెరువులు తవ్వుతున్నారు. మట్టి మొయ్యాలన్నా లారీయే, ఐసు మొయ్యాలన్నా లారీయే. కొత్తబండికి డబ్బు కట్టినా నెలల తరబడి రావటంలేదు. దాంతో పాతబళ్ళకి ఎక్కడలేని గిరాకీ వచ్చేసింది. అమలాపురంలో పాతబళ్ళు కొని అమ్మే ఏసుదాసు, వీళ్ళ బండికి వీళ్ళు కొన్నదానికన్నా ఎక్కువే ఇస్తానన్నాడు.

మాణిక్యాలరావుకి నిద్ర పట్టలేదు. బండి అమ్మి, భూమి కౌలుకి తీసుకుని చెరువు వేసెయ్యాలని అతని ఆశ.

"అన్నయ్యా, వాడిన బండికి ఇలాంటి ధర మళ్ళీ రాదు."

"చూద్దాంలేరా."

"ఎప్పుడు చూస్తాం? గిరాకీ తగ్గేక ఇనప సామాను కింద అడుగుతారు."

"ఇంజను బాగుంది కదా."

"బాగుంది కాబట్టే అమ్మాలంటున్నాను."

శ్రీరాములు తువ్వాలు దులుపుకుని లేచి వెళ్ళిపోయేవాడు. ఎందుకు అమ్మనంటున్నాడో చెప్పడు. వదిన అమ్మాజీని అడిగితే, "నాకూ చెప్పట్లేదయ్యా" అంది.

అప్పుడు పుట్టింది మాణిక్యాలరావుకి ఆ బుద్ధి.

అన్నయ్య ఒక్కసారి పాతలాకుల దగ్గర జడుసుకుంటే... ఇంక రాత్రిపూట బండి తియ్యడు. రాత్రి తిరగని లారీ ఉంచుకుని లాభం లేదు. తనే అమ్మేద్దామంటాడు.

ఆ రోజు శ్రీరాములు కొబ్బరికాయల లోడు కాకినాడలో దింపి, రాత్రికి ఖాళీగా తిరిగొస్తున్నాడు. క్లీనరుకి జ్వరం, ఒక్కడే వెళ్ళేడు. మాణిక్యాలరావు చీకటి పడ్డాక సైకిలేసుకుని పాతలాకులకి పోయేడు. సైకిలు గట్టు వెనక పడుకోబెట్టి, కూలిపోయిన తాటిమొద్దొకటి ఈడ్చుకొచ్చి రోడ్డుకి అడ్డం వేసేడు. పాడుపడ్డ ఇంట్లో, కిటికీ పక్కన, మొక్కల్లో నక్కి కూర్చున్నాడు.

కూర్చున్నాక తెలిసింది — ఆ చోటు ఎలాంటిదో.

గాలి లేదు. ఆకు కదలదు. లాకుల్లో నీళ్ళు మాత్రం... ఎవరో చేత్తో కదిపినట్టు... ఒకసారి చప్పుడయ్యేది. ఆగేది. చాలాసేపటికి మళ్ళీ అయ్యేది.

చేప అనుకున్నాడు. చేపే అయ్యుంటుందని పదిసార్లు చెప్పుకున్నాడు.

ఇంటి లోపల, వెనక గదిలో, ఏదో జరజరా పాకింది. మాణిక్యాలరావు ఊపిరి బిగబట్టేడు. ఇంక చాలు, పోదాం అనుకుని లేవబోయేడు —

వెనకనించి ఎవరో చొక్కా పట్టుకున్నారు.

తిరిగి చూడ్డానికి మెడ రాలేదు. కదిలితే ఇంకా గట్టిగా లాగుతోంది. చెయ్యి వెనక్కి పెట్టి తడిమేడు... చల్లగా తగిలింది.

మేకు. కిటికీ చెక్కకి ఉన్న మేకు.

ఆ మేకునించి చొక్కా విడిపించుకుంటుండగానే దూరంగా లారీ చప్పుడు వినిపించింది. ఆ ఇంజను మోత అతనికి నిద్దట్లో కూడా తెలుసు. హారన్ మోగుతూనే వస్తోంది. హెడ్‌లైట్లు కొబ్బరి మట్టల మీద పడ్డాయి, మలుపు తిరిగేయి, తాటిమొద్దు మీద ఆగేయి.

హారన్ ఆగిపోయింది.

చాలాసేపు ఎవరూ దిగలేదు. తరవాత క్యాబిన్ తలుపు తెరుచుకుంది. శ్రీరాములు దిగేడు. అటూ ఇటూ చూడకుండా, నోట్లో ఏదో దేవుడి పేరు గొణుక్కుంటూ, మొద్దు పట్టుకుని లాగడం మొదలెట్టేడు.

మాణిక్యాలరావు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. గొంతు సన్నగా చేసేడు.

"ఎందాకా వెళ్తారండీ...?"

మొద్దు చేతిలోంచి జారిపోయింది.

ఇంక పరిగెడతాడు, అనుకున్నాడు మాణిక్యాలరావు. శ్రీరాములు పరిగెట్టలేదు. ఆ ఇంటి వైపు తిరిగి అలాగే నిలబడ్డాడు. తరవాత నెమ్మదిగా బండెక్కి, ఇంజను ఆపేసేడు. నిశ్శబ్దం ఒక్కసారిగా మీద పడింది. మళ్ళీ దిగొచ్చి, బంపరు మీద కూర్చుని బీడీ ముట్టించేడు.

"ఇంటికేనమ్మా" అన్నాడు.

బదులు చెప్పేసేడు! మాణిక్యాలరావుకి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. తనే దెయ్యమన్న సంగతి ఆ క్షణంలో తనకే గుర్తులేదు.

"అడిగేవు కనక చెప్తున్నాను" అన్నాడు శ్రీరాములు, ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు. "ఎవరికీ చెప్పుకోలేని మాట. మా తమ్ముడు బండి అమ్మేద్దామంటున్నాడు. వాడిది తప్పు కాదు. ధర బాగుంది, వాడికి వ్యాపారం తెలుసు. నాకే... స్టీరింగు పట్టుకోడం తప్ప ఇంకోటి రాదమ్మా. సంతకం పెట్టాలంటేనే వేళ్ళు తిరగవు. బండి పోతే వాడు నన్ను చెరువు గట్టు మీద కాపలా కూర్చోబెడతాడు. ప్రేమగానే కూర్చోబెడతాడు. ఎండ తగలకుండా గొడుగు కూడా కొనిపెడతాడు."

మాణిక్యాలరావు నోటి మీంచి తువ్వాలు తీసేసేడు. కాపలాకి మా అన్నయ్యున్నాడు కదా అని మొన్ననే ఏసుదాసుతో అన్నాడు. గొడుగు సంగతి పైకి అనలేదు గాని, అదీ అనుకున్నాడు.

"వాణ్ణి భుజాలమీద తిప్పినవాణ్ణి. ఇప్పుడు వాడి చెరువు దగ్గర గొడుగేసుకుని కూర్చోవాలంటే... సిగ్గేస్తోందమ్మా. ఆ సిగ్గు వాడి మొహమ్మీద చెప్పలేక, అమ్మనంటే అమ్మనని మొండికేస్తున్నాను. వాడేమో నాకు బండి మీద మోజనుకుంటున్నాడు."

బీడీ నిప్పు ఒకసారి వెలిగి తగ్గింది.

"పోన్లే. అమ్మేద్దాం. వాడూ పిల్లలు గలవాడు. రేపు పొద్దున్నే చెప్పేస్తాను."

లేచి మొద్దు పక్కకి లాగేసేడు. బండి చుట్టూ తిరిగొచ్చి, క్లీనరు కూర్చునే ఎడమ పక్క తలుపు తీసి పట్టుకున్నాడు.

"రా అమ్మా. ఇంటిదాకా దింపుతాను. ఈ చీకట్లో పురుగూ పుట్రా తిరుగుతుంటాయి. ఎక్కు."

ఎంతసేపు నిలబడ్డాడో. మాణిక్యాలరావు మోకాళ్ళ మధ్య మొహం పెట్టుకుని, చెవులు మూసుకున్నాడు. బయటికి రావాలని ఉంది. ఏ మొహంతో వస్తాడు?

చివరికి తలుపు మెల్లిగా పడింది. లారీ వెళ్ళిపోయింది.

పొద్దున్న అమ్మాజీ కాఫీ ఇస్తుంటే, శ్రీరాములు అరుగు మీద కూర్చుని అన్నాడు.

"అమ్మేద్దాంరా. ఏసుదాసు గారికి కబురు పెట్టు."

ఇన్నాళ్ళూ వినాలనుకున్న మాట అదే. మాణిక్యాలరావు "ఆయ్" అని ఊరుకున్నాడు. మోచేతులు దద్దుర్లెక్కి ఒకటే దురద. గోకుతూనే పెరట్లోకి పోయి, నూతి పక్కన ఊరికే నిలబడ్డాడు. కబురు పెట్టలేదు.

కానీ ఏసుదాసు తనంతటతనే సాయంత్రం వచ్చేసేడు. అప్పటికి శ్రీరాములు బండి కడిగి, అద్దానికి పసుపూ కుంకుమా పెట్టి, ఎవరో చుట్టాన్ని సాగనంపుతున్నట్టు పక్కనే నిలబడి ఉన్నాడు.

ఏసుదాసు చుట్టూ తిరిగేడు. టైరుని కాలితో తన్ని చూసేడు. ఇంజను మోత విన్నాడు.

"చెప్పినదానికి ఇంకాస్త వేసే ఇస్తానండి శ్రీరాములు గారూ. మంచి బండి."

"ఆయ్" అన్నాడు శ్రీరాములు. తాళాలు తువ్వాలుతో తుడిచి, చెయ్యి చాపేడు.

ఆ చెయ్యి మాణిక్యాలరావు పట్టుకున్నాడు.

"అమ్మటంలేదండీ."

ఏసుదాసు తెల్లబోయేడు. "అదేంటండీ? మీరే కదండీ నా చుట్టూ తిరిగేరు?"

"ఆయ్. నేనే తిరిగేనండి. నేనే వద్దంటున్నాను."

"ఈ ధర ఎన్నాళ్ళో ఉండదు మాణిక్యాలరావు గారూ. తరవాత నా దగ్గరికొస్తే నేనేం చెయ్యలేను."

"ఉండదండి. తెలుసండి."

ఏసుదాసు విసుక్కుంటూ మోటారు సైకిలెక్కి వెళ్ళిపోయేడు. వాకిట్లో అన్నదమ్ములిద్దరే మిగిలేరు.

"ఎందుకురా?" అన్నాడు శ్రీరాములు.

మాణిక్యాలరావు తలెత్తలేదు. "రాత్రి... పాతలాకుల దగ్గర..." అన్నాడు. ఆ పైన మాట రాలేదు. మళ్ళీ మొదలెట్టేడు. మళ్ళీ అక్కడే ఆగిపోయింది.

శ్రీరాములు లోపలికి వెళ్ళేడు. వదినకి చెప్పెయ్యడానికే అనుకుని, మాణిక్యాలరావు కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి అన్న ఎదురుగా ఉన్నాడు, చేతిలో కొబ్బరినూనె గిన్నె.

"మోచేతులకి రాసుకో. ఆ ఇంటినిండా దూలగొండి మొక్కలే."

కాసేపటివరకూ మాణిక్యాలరావుకి ఆ మాట ఎక్కలేదు. ఎక్కాక, గిన్నె అందుకోబోయినవాడు ఆగిపోయేడు.

"నీకు... తెలుసా?"

"మొదటి మాటకే తెలిసిందిరా. నోటికి ఏం అడ్డం పెట్టుకున్నా నీ గొంతు నాకు తెలీదా?"

"మరి ఆ మాటలన్నీ..."

"నీతోనే అన్నాను. ఎదురుగా అయితే నోరొచ్చేది కాదు. చీకట్లో, అమ్మా అని పిలిస్తే... చెప్పుకోగలిగేను."

"తలుపు..."

"నువ్వెక్కుతావేమోనని పట్టుకుని నిలబడ్డాను. ఎక్కలేదు."

అందులో కోపం లేదు. ఉంటే బావుణ్ణనుకున్నాడు మాణిక్యాలరావు. నూనె గిన్నె అందుకున్నాడు. అన్న మొహంలోకి చూడకుండానే అడిగేడు.

"దెయ్యాలంటే అంత భయం కదా నీకు... రాత్రి బండి దిగినప్పుడు..."

శ్రీరాములు బండి అద్దం తుడుస్తూ నవ్వేడు.

"ప్రాణాలు పోయేయిరా. మొద్దు లాగుతుంటే కాళ్ళు నిలవలేదు. నీ గొంతు వినగానే... హమ్మయ్య, మావాడున్నాడు, అనుకున్నాను."