హడావిడి మెడలో బిళ్ళ

పొద్దున్న ఏడున్నరకి ఆ ఇంట్లో ఎవరూ ఒకచోట నిలబడరు. బస్సు డ్రైవరుగా పనిచేసే కొడుకు యూనిఫాం గుండీ ఊడిందని కేకలు పెడతాడు. తొమ్మిదేళ్ళ మనవరాలు ఒక కాలికి మేజోడు తొడుక్కుని, రెండోదాని కోసం మంచాల కింద దూరుతుంది. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని బట్టలు కుట్టే కోడలు పంటితో దారం తెంపుతూ, ఓ కంట పాలగిన్నెను కనిపెడుతూ ఉంటుంది. ఇంతమంది కాళ్ళ మధ్యా గోధుమరంగు కుక్క ఒకటి, ఎవరు ఎటు వెళ్తే అటు పరుగెడుతుంది. దానికి హడావిడి అని పేరు పెట్టింది మామగారు. ఆ పేరు ఇంటికి పెట్టినా సరిపోయేది.

ఆయన మటుకు కదలడు. పేర్లు చెక్కే పని ఆయనది, ఇంటి ముందు గదే షాపు. తలుపులకి తగిలించే పేరు పలకలు, ఆటల పోటీల కప్పులు, తాళాలకి వేసుకునే బిళ్ళలు, ఏదైనా సరే, నలభై ఏళ్ళలో ఒక్క అక్షరం తప్పు పోలేదని ఆయన గొప్ప. ఆ వీధిలో కుక్కలూ పిల్లులూ కూడా ఆయన చెక్కిన ఇత్తడి బిళ్ళలు వేసుకునే తిరుగుతాయి. భార్య పోయి రెండేళ్ళయింది. అప్పట్నుంచి కొడుకు, "షాపు మూసెయ్ నాన్నా, ఇంకా ఎన్నాళ్ళు కష్టపడతావ్, ఆ గదిలో పాప చదువుకుంటుంది" అని పోరుతూనే ఉన్నాడు. ఆయన చెవికి ఎక్కించుకోవడం లేదు.

ఆ రోజు పైపులు వేసేవాళ్ళు వచ్చి సరిగ్గా వాకిటి ముందే రోడ్డు పగలగొట్టడం మొదలెట్టారు. ఆ మోతకి కిటికీ అద్దాలు దడదడలాడాయి. స్కూలు వ్యాను హారన్ విని పాప అప్పుడే తలుపు తీసింది. పాప కాళ్ళ సందులోంచి హడావిడి దూసుకుపోయింది. కొడుకు షూ వేసుకోకుండానే వెంటపడ్డాడు గాని, వీధి మలుపు దాకా వెళ్ళేసరికి అది ఎటు పోయిందో చెప్పేవాళ్ళు కూడా లేరు.

"పోయింది తాతయ్యా," అంటూ పాప ఏడుపు లంకించుకుంది.

"పోతే రాదా ఏంటి," అన్నాడాయన కళ్ళజోడు తుడుచుకుంటూ. "దాని మెడలో నా చేతి పని ఉంది. ఎవరో ఒకరు చూస్తారు, ఫోన్ చేస్తారు. నువ్వు బడి నుంచి వచ్చేసరికి ఇక్కడే ఉంటుంది, చూస్కో."

ఆ మాటకి అందరి మనసూ కాస్త కుదుటపడింది, కోడలిది తప్ప. ఆ ఫోన్ రాదని ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు.

సంగతేమిటంటే, ఎనిమిది నెలల కిందట కుక్కకి మెడపట్టీ కుట్టింది ఆమే. మామగారు దానికి బిళ్ళ చెక్కి తెచ్చి, "ఎలా ఉంది అమ్మాయ్" అని ఆమె చేతిలో పెట్టాడు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. కింద ఉన్న నంబరు మాత్రం ఆయనది కాదు, పోయిన అత్తగారిది. ఆ కనెక్షన్ తీసేయించి అప్పటికే ఏడాది దాటింది. ఆయన మర్చిపోయి చెక్కారో, కావాలనే చెక్కారో ఆమెకి అర్థం కాలేదు. అడిగితే ఆ ముఖం ఎలా అయిపోతుందో మాత్రం అర్థమైంది. పైగా ఈ సంగతి తెలిస్తే మొగుడు షాపుకి ఆ రోజే తాళం వేయిస్తాడు. "చాలా బావుంది మామయ్యా" అని బిళ్ళని పట్టీకి కుట్టేసింది.

కుట్టిందన్న మాటే గాని నిద్ర పట్టలేదు. రెండ్రోజుల తర్వాత కూరగాయలకని చెప్పి కుక్కని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, మెడ వెనక చర్మం కింద చిప్పు వేయించింది. బియ్యపు గింజంత ఉంటుందది. దాంట్లో పదిహేనంకెల నంబరు, డాక్టరు చేతి మిషన్ పెట్టి చూస్తే కనబడుతుంది; ఆ నంబరు కింద రిజిస్టర్లో తన పేరు, తన ఫోను. ఆ కాగితాన్ని కుట్టుమిషన్ సొరుగులో దారం బాబిన్ల కింద దాచి, ఇంక భయం లేదనుకుంది.

ఇప్పుడు తెలిసొస్తోంది. కుక్క దొరికినవాళ్ళు ముందు చూసేది బిళ్ళనే. నంబరు కళ్ళెదుట కనిపిస్తుంటే, చర్మం కింద ఇంకోటి ఉందేమోనని ఎవరు వెతుకుతారు?

ఆ రోజంతా మామగారు తన ఫోన్ని స్టూలు మీద పెట్టుకుని దానికి ఎదురుగా కూర్చున్నాడు. చెక్కే మిషన్ ముట్టుకోలేదు. భోజనం పళ్ళెం కూడా అక్కడికే తెప్పించుకుని, రెండు ముద్దలు తిని పక్కకి జరిపాడు. కోడలు దారం అయిపోయిందని ఒకసారి, సూదులు విరిగాయని ఒకసారి బయటికెళ్ళి వీధులన్నీ గాలించింది. ఊళ్ళో తెలిసిన పశువుల డాక్టర్లందరికీ ఫోన్ చేసింది. "ఎవరైనా తీసుకొస్తే మిషన్ పెట్టి చూస్తామమ్మా, తీసుకురావాలి కదా" అన్నారు అందరూ. సాయంత్రం కొడుకు డ్యూటీ దిగి, వస్తూ వస్తూ మూడు బస్టాపుల దూరం వెతుక్కుంటూ వచ్చాడు. పాప అన్నం తినకుండా పడుకుంది.

రెండో రోజు మధ్యాహ్నానికి ఇల్లంతా ముళ్ళ మీద ఉన్నట్టుంది. కొడుకు సెలవు పెట్టి గదుల్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. పాప బడి మానేసి, కుక్క బొమ్మ గీసి గోడలకి అంటిస్తానంటోంది. ఆ సమయంలో మామగారి ఫోన్ మోగింది. నలుగురూ ఒకేసారి లేచారు.

"హలో," అన్నాడాయన. తర్వాత ఆయన ముఖం వాడిపోయింది. "కప్పులు రేపిస్తానండీ. ముందు ఫోన్ పెట్టెయ్యండి. మా కుక్క కోసం ఫోన్ రావాలి. పెట్టెయ్యండి బాబూ, మీకు దణ్ణం పెడతా."

ఫోన్ స్టూలు మీద పెట్టి, సిగ్నల్ బాగా అందుతుందని దాన్ని కిటికీ వైపుకి జరిపాడు. అది చూసి కోడలు ఇక ఆగలేకపోయింది.

"మామయ్యా, ఆ ఫోన్‌కి రాదు," అంది.

"ఏం, ఎందుకు రాదు?"

"బిళ్ళ మీద ఉన్నది మీ నంబరు కాదు. అత్తయ్యగారిది."

బయట రోడ్డు తవ్వేవాళ్ళు సరిగ్గా అప్పుడే మిషన్ ఆపారు. మామగారు ఏదో చెప్పబోయి, కుడిచేతి వేలితో మోకాలి మీద అంకెలు రాసుకోవడం మొదలెట్టాడు. సగంలో వేలు ఆగిపోయింది.

ముందు తేరుకున్నది కొడుకు. "నీకెప్పుడు తెలిసింది?"

"పట్టీ కుట్టినప్పుడే."

"ఎనిమిది నెలలు తెలిసి నోరు మూసుకున్నావా? నిన్నట్నుంచి ఆయన అన్నం నీళ్ళూ లేకుండా కూర్చుంటే చూస్తూ ఊరుకున్నావా? నువ్వసలు మనిషివేనా?"

"చెప్తే మీరేం చేసేవాళ్ళండీ? మర్నాడే షాపు మూయించేవాళ్ళు. అవునా కాదా?" ఆమె గొంతు తగ్గించలేదు. "అందుకే చిప్పు వేయించాను. నా నంబరు పెట్టించాను. అది ఉందిలే అనుకున్నాను."

"చిప్పు ఉంటే ఎక్కడుందో తెలియదా మరి?"

"తెలియదు. అదేం ఫోన్ కాదు. ఎవరైనా మిషన్ పెట్టి చూస్తేనే నంబరు చెప్తుంది. అప్పటిదాకా దానికి నోరు లేదు."

"నీలాగే," అన్నాడు కొడుకు. ఆ మాట అన్నందుకు తనకే కష్టంగా అనిపించి ముఖం తిప్పుకున్నాడు.

అప్పుడు మామగారు నోరు విప్పాడు. కోపంగా లేదు ఆ గొంతు, అదే వాళ్ళని ఎక్కువ భయపెట్టింది.

"నా షాపుకొచ్చే ఎవడైనా సరే, తప్పు చెక్కితే పలక తెచ్చి నా ముఖాన కొడతాడు. అది నాకు మర్యాద. పనివాణ్ణి గనక అడుగుతున్నాడు. నువ్వు చూసి కూడా బావుందన్నావు చూడు అమ్మాయ్, అప్పుడే నా పని అయిపోయినట్టు లెక్క. నన్ను చూసి జాలిపడ్డావు."

కోడలు నేల మీద కూలబడి ఏడ్చేసింది. జాలి కాదు మామయ్యా అందామనుకుంది గాని, అందులో కొంత నిజం ఉందని ఆమెకి తెలుసు. పాప వచ్చి అమ్మ భుజం పట్టుకుని నిలబడింది.

అలా నిలబడే అడిగింది పాప. "మరి నానమ్మ నంబరుకి చేస్తే ఎవరు మాట్లాడతారు?"

పెద్దవాళ్ళు ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తీసేసిన నంబర్లు మళ్ళీ ఇంకెవరికో ఇస్తారు. బిళ్ళ మీద నంబరు చూసి ఎవరైనా చేసి ఉంటే, ఆ నంబరుకే చేసి ఉంటారు. ఇంత చిన్న సంగతి ఇన్ని గంటలుగా తనకి తట్టలేదని కోడలు తలకొట్టుకుంది.

"నేను చేస్తా," అని కొడుకు చెయ్యి చాపాడు. మామగారు ఇవ్వలేదు. తనే నొక్కాడు. కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు. తన నంబరు చెప్పమంటే తడుముకునే మనిషి, ఆ పదంకెలూ చూడకుండా నొక్కేశాడు. రెండేళ్ళుగా ఆ నంబరుకి ఆయన ఫోన్ చెయ్యలేదు. ఫోన్ రింగయింది.

"హలో," అంది ఒక కుర్రది, పరాయి గొంతు.

ఆయన ఫోన్ని కోడలి వైపు చాచాడు. ఆమె కళ్ళు తుడుచుకుని అందుకుంది.

"ఏవండీ, మా కుక్క తప్పిపోయింది..."

"అమ్మయ్య, మీరేనా," అంది ఆ అమ్మాయి. "ఎవరో లాండ్రీ ఆవిడట, నిన్నట్నుంచి ఐదుసార్లు చేసింది. నాకు కుక్క లేదు మొర్రో అంటే వినదే. బిళ్ళ మీద రాసుందమ్మా, కన్నబిడ్డని వదిలేసినట్టు వదిలేశావా అని నన్నే తిట్టింది. ఉండండి, ఆవిడ నంబరు చెప్తా. నా తరఫున కూడా రెండు మాటలు చెప్పండి."

లాండ్రీ ఊరికి ఆ చివర ఉంది. నలుగురూ ఆటో ఎక్కి వెళ్ళేసరికి, ఇస్త్రీ బల్ల కింద తాడుతో కట్టేసి ఉన్న హడావిడి వీళ్ళని చూసి తోక కాదు, ఒళ్ళంతా ఊపింది. పాప దాని మెడ కావిలించుకుంది. లాండ్రీ ఆవిడ మాత్రం తాడు వదల్లేదు.

"ఆగండాగండి. బిళ్ళ మీద నంబరువాళ్ళేమో కుక్కే లేదంటున్నారు. మీరేమో ఇంకో నంబరు నుంచి చేసి మాదేనంటున్నారు. ఎలా నమ్మమంటారు?"

"చూడండమ్మా, ఎలా ఎగురుతోందో," అన్నాడు కొడుకు.

"ఇది అందరినీ చూసి ఇలాగే ఎగురుతోంది నాయనా. దీని లెక్కన నిన్నట్నుంచి నాకు బట్టలిచ్చినవాళ్ళందరూ దీని యజమానులే. పొద్దున ఒకాయన వచ్చి నాదేనని తీసుకుపోబోయాడు కూడా."

కోడలు పర్సులోంచి, సొరుగులో దాచిన ఆ కాగితం తీసింది. "చిప్పు ఉందండీ. నంబరు ఇదిగో. పక్కన డాక్టరు ఎవరైనా ఉంటే చూపిద్దాం."

రెండు వీధుల అవతల ఉన్న పశువుల డాక్టరు దగ్గరికి అందరూ కలిసి నడిచారు. డాక్టరమ్మ చేతి మిషన్ని కుక్క మెడ మీదుగా జరిపింది. చప్పుడు లేదు. ఇంకోసారి జరిపింది. లేదు. లాండ్రీ ఆవిడ తాడు ఇంకొంచెం గట్టిగా చుట్టుకుంది. కోడలు కాగితం మళ్ళీ విప్పి చూసుకుంది.

"ఒక్కోసారి కాస్త పక్కకి జరుగుతుందిలెండి," అంటూ డాక్టరమ్మ మిషన్ని ఎడమ భుజం దాకా దించింది. కీచుమని చప్పుడైంది. అద్దం మీద అంకెలు వెలిగాయి.

"మీరు చదవండి మామయ్యా," అంది కోడలు.

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. మిషన్ని దగ్గరికి తీసుకుని, అచ్చు చెక్కేముందు చదివినట్టే, ఒక్కొక్క అంకె విడివిడిగా పలుకుతూ చదివాడు. ఆమె కాగితం మీద వేలు జరుపుతూ, "ఊఁ... ఊఁ..." అంటూ పోయింది. పదిహేనో అంకె కూడా కలిసింది. లాండ్రీ ఆవిడ తాడు పాప చేతిలో పెట్టింది. "ఆ బిళ్ళ మార్చండి ముందు. పాపం ఆ పిల్లని అన్యాయంగా తిట్టాను," అంది.

తిరిగి ఆటో ఎక్కారు. ఇల్లు వస్తుండగా మామగారు రోడ్డు వైపు చూస్తూ అన్నాడు. "పోయిన నెల ఓ కప్పు మీద సంవత్సరం తప్పు చెక్కాను. ఎవరూ చూడకుండా అరగదీసి మళ్ళీ చెక్కాను. అంతకుముందు ఇంకోటి. మీకు చెప్పలేదు. దాచింది నువ్వొక్కదానివే కాదు అమ్మాయ్."

కొడుకు తండ్రి చేతి మీద చెయ్యి వేశాడు. "షాపు మూయమని ఇంక అననులే నాన్నా. కాకపోతే డాక్టరుకి ఒకసారి చూపించుకుందాం."

"కుక్క చూపించుకుందిగా, నేనూ చూపించుకుంటా," అన్నాడాయన. నిన్నట్నుంచి ఆ ఇంటివాళ్ళు నవ్వడం అదే మొదలు.

మర్నాడు పొద్దున్నే ఆయన మిషన్ ముందు కూర్చుని కోడల్ని పిలిచాడు. పాత బిళ్ళ అప్పటికే ఆయన చొక్కా జేబులో ఉంది. దాన్ని చెరపలేదు, ఎవరూ చెరపమనలేదు.

"నీ నంబరు చెప్పు. నువ్వు చెప్తూ ఉండు, నేను చెక్కుతా. అయ్యాక నువ్వు చదువు, నేను వింటా. ఇకనుంచి ఈ షాపులో అన్నీ అంతే. తప్పుంటే నా ముఖాన కొట్టాలి, సరేనా?"

"సరే మామయ్యా," అంది ఆమె. ఒక్కొక్క అంకె చెప్పింది. ఆయన చెక్కాడు. వెనక వైపు 'చిప్పు ఉంది, స్కాన్ చేయించండి' అని కూడా చెక్కాడు. ఆమె ఆసాంతం చదివి, తప్పు లేదని చెప్పింది. బిళ్ళ పుచ్చుకుని లేవబోయింది.

"కూర్చో అమ్మాయ్, ఇంకోసారి చెప్పు," అంటూ ఆయన మిషన్లో ఇంకో ఇత్తడి బిళ్ళ బిగించాడు.

"ఇంకోటి ఎవరికి మామయ్యా? మనకి ఉన్నది ఒక్క కుక్కేగా."

"నా తాళాల గుత్తికి," అన్నాడాయన తల ఎత్తకుండా. "ఎప్పుడైనా నేనూ దారి మర్చిపోతే, ఎవరో ఒకరు చూసి నీకు ఫోన్ చేస్తారు."

ఆమె మళ్ళీ మొదట్నుంచి చెప్పడం మొదలెట్టింది. ఏడో అంకె దగ్గర ఆగిపోయింది. ఆయన సూది పైకెత్తి పట్టుకుని, మిగతా మూడంకెల కోసం ఎదురుచూశాడు.