ఎవరూ టైప్ చేయని ఫిట్ స్లిప్పు

లాడ్ బజార్‌లో గాజుల దుకాణం పైన ఉన్న ఆ చిన్న ఆఫీసులోకి షారోన్ వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. కిటికీ దగ్గరికి పోయి, మళ్లీ తలుపు దగ్గరికి వచ్చింది.

"మా డాక్టర్ నాలుగింటికి పోలీసోళ్లను పిలుస్తడంట, సార్," అంది.

ప్రైవేట్ డిటెక్టివ్ శ్రీహరిరావు బందరు నుంచి వచ్చి ఇరవై ఏళ్లు. ఈ ఊరు అతనికి కేసులైతే ఇచ్చింది గానీ కుదురు ఇవ్వలేదు. అతని అసిస్టెంట్ కృపాకర్‌ది ఛత్రినాక, షారోన్ వెళ్లే చర్చే. ఆమెను ఇక్కడికి రమ్మన్నది అతనే.

"మొదటి నుంచి చెప్పమ్మా," అన్నాడు శ్రీహరిరావు.

ఛత్రినాకలో డాక్టర్ పురుషోత్తం నడిపే మెడికల్ సెంటర్‌లో ఆమె కంప్యూటర్ ఆపరేటర్. గల్ఫ్‌కు పోయేవాళ్లు అక్కడ రక్తం ఇచ్చి, ఎక్స్‌రే తీయించుకొని, ఫిట్ అని స్లిప్పు పట్టుకొని పోతారు. మనిషి ఎండలో ఇటుకలు మోయడానికి పోతున్నా సరే, వాడి ఊపిరితిత్తులకు కాగితం కావాలి. శనివారం సోమయ్య అనే తాపీమేస్త్రీ ఎక్స్‌రేలో మచ్చ కనిపించింది. డాక్టరే చూసి అన్‌ఫిట్ అని రాశాడు. ఈ రోజు, సోమవారం, ఒంటిగంటకు డాక్టర్‌కు సంతకాల కట్టలో అదే సోమయ్య పేరుతో ఫిట్ స్లిప్పు దొరికింది. పొద్దున కంప్యూటర్ గదిలో ఉన్నది షారోన్ ఒక్కతే.

"నేను కొట్టలే, సార్. పొద్దుగాల మిషన్ల పాత సర్వీసు పెట్టంగనే ప్రింటర్ దానంతట అదే కొట్టింది. శనివారంది ఏదో మిగిలిందనుకొని చింపి కట్టల పెట్టిన. గదే చెప్తే నవ్విండ్రు."

"పాత సర్వీసంటే?"

"మాది యూనిక్స్ కంప్యూటర్, సార్. అండ్ల ప్రింటర్‌ను నడిపే సర్వీసులు రెండు. కార్బన్ స్లిప్పులు పాతదాంట్లనే సక్కగ వస్తయ్. బిల్లులు, లెటర్లు కొత్తదాంట్ల. రెండూ ఒక్కసారి నడవయ్. పొద్దుగాల పాతది, పన్నెండుకు కొత్తది. మెనూల నంబర్ నొక్కితే మారుతది."

"రోజూ మార్చేది నువ్వేనా?"

"లేదు, సార్. వేణుమాధవ్ సార్ మారుస్తడు, కంప్యూటర్ ఇన్‌చార్జి. ఇయ్యాల డాక్టర్ సార్‌తోని మలక్‌పేటకు మీటింగుకు పోతున్నా, నువ్వే మార్చెయ్ అని ఫోన్ చేసిండు. నేను మార్చుడు ఇదే ఫస్టు."

"మార్చేటప్పుడు మధ్యలో ఉన్న కాగితం ఏమవుతుంది? పోతుందా, ఆగుతుందా?"

షారోన్‌కు తెలియదు. శ్రీహరిరావు లేచి చెప్పులు వేసుకున్నాడు. "శనివారం నువ్వెక్కడున్నావ్?"

"లీవు. మా అక్క పెండ్లి."

"నేనూ పోయిన, సార్," అన్నాడు కృపాకర్. "బిర్యానీల ఉప్పు తక్కువైంది."

సెంటర్‌కు చేరేసరికి మూడుంబావు. హాలు నిండా జనం, చేతుల్లో పాస్‌పోర్టులు. కంప్యూటర్ గదికి తాళం వేసి, తాళంచెవి డాక్టర్ తన జేబులో పెట్టుకున్నాడు. షారోన్‌ను చూడగానే మొహం తిప్పుకున్నాడు.

"డిటెక్టివ్‌ను తెచ్చిందా? ఎఫ్ఐఆర్‌కు ఖర్చులేదు, ఈయనకు ఫీజు దండగ కాదా?"

"నాలుగింటిదాకా టైముందన్నారు కదండీ," అన్నాడు శ్రీహరిరావు. "స్లిప్పు చూపించండి."

స్లిప్పు కాగితం మీద ముందే అచ్చువేసిన వరుస నంబరు 4411. షారోన్ చేత్తో రాసుకున్న రిజిస్టర్‌లో ఆ రోజు మొదటి పేరు 4412, పది గంటల ఐదు నిమిషాలకు.

ఇంతలో వేణుమాధవ్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. "డాక్టర్ గారూ, తాళంచెవి ఇప్పిస్తారా? బిల్లులు ఆగిపోయాయి."

"ఇందాక కూడా అడిగావ్ కదయ్యా. ఇది తేలాక."

"అయిదు నిమిషాల పనేనండీ."

"ఈ రోజు పన్నెండుకు సర్వీసు మార్చింది ఎవరు?" అని శ్రీహరిరావు అడిగాడు.

"నేనే. పదకొండున్నరకు మలక్‌పేట నుంచి వచ్చాం. అమ్మాయి అన్నానికి వెళ్లింది, నేను కూర్చున్నాను."

"తాళం పడేదాకా?"

"అవును. ఏం?"

"ఊరికే అడిగా."

కృపాకర్‌కు ఏమీ అర్థం కాలేదు గానీ సార్ గోరు కొరకడం మానేశాడంటే దారి దొరికినట్టేనని అతనికి తెలుసు.

మూడు నలభైకి అందరూ కంప్యూటర్ గదిలో నిలబడ్డారు. శ్రీహరిరావు షారోన్‌ను గోడవార బెంచీ మీద కూర్చోబెట్టాడు. డాక్టర్‌ను కీబోర్డు ముందు కూర్చోమన్నాడు.

"4411 మొదట వచ్చింది. ఈ అమ్మాయి మొదటి పేరు టైప్ చేయకముందే. దొంగ స్లిప్పు కొట్టే మనిషి దాన్ని అందరికంటే పైన పెట్టి మీ సంతకానికి పంపదు. అంటే అది అప్పటికే లోపల ఉంది. డాక్టర్ గారూ, మెనూలో పాత సర్వీసు నంబరు నొక్కండి. ఇంకేమీ ముట్టుకోవద్దు."

"అలా చేస్తే మిషను ఆగిపోతుంది," అన్నాడు వేణుమాధవ్. ముందుకు రాబోతే కృపాకర్ పక్కనున్న బల్లను అతనికి అడ్డంగా జరిపాడు.

"రోజూ నువ్వు చేసే పనే కదా అన్నా. ఇయ్యాల ఎందుకు ఆగుతది?"

డాక్టర్ నంబరు నొక్కాడు. తెర మీద రెండు లైన్లు వచ్చిపోయాయి. తర్వాత ప్రింటర్ టకటకా కొట్టుకుంది. కార్బన్ స్లిప్పు పైకి లేచింది. డాక్టర్ చింపి చదివాడు. మొన్న రక్తం బాగాలేదని వెనక్కి పంపిన ఇంకో మనిషి పేరు. కింద ఫిట్.

"ఇది ఎవరు టైప్ చేశారు?" అన్నాడు శ్రీహరిరావు. "ఇప్పుడైతే ఎవరూ చేయలేదు. పదకొండున్నర తర్వాత ఈ కుర్చీలో కూర్చున్నది వేణుమాధవ్ ఒక్కడే, తనే చెప్పాడు. శనివారం కూడా ఇదే పని. పాత సర్వీసు నడుస్తుండగా ప్రింటర్ బటన్ ఆపి స్లిప్పు పంపాలి. అది వరుసలో ఆగుతుంది. వెంటనే కొత్త సర్వీసుకు మార్చేయాలి. పాతది పడుకుంటుంది, దాంతోపాటు స్లిప్పూ. మళ్లీ పాతది లేపినప్పుడు, లేపినవాళ్ల కళ్ల ముందు అచ్చవుతుంది. అందుకే ఈ రోజు మాత్రం ఆ అమ్మాయిని మార్చమన్నాడు, తను మీ పక్కనే కారులో ఉండగా. కట్టలో కలిసి సంతకం పడితే మంచిది. దొరికితే దొంగ ఆమె. రెండోది రేపటి కోసం. మీరు తాళం వేస్తారని అనుకోలేదు, అందుకే దాన్ని చెరిపేయడానికి తాళంచెవి కోసం తిరుగుతున్నాడు."

వేణుమాధవ్ ప్రింటర్ వైపే చూస్తున్నాడు. "వీళ్లను గల్ఫ్‌కు పంపే ఏజెంట్ ఇంటిదాకా వచ్చాడు," అన్నాడు చివరికి. "మా అమ్మాయి సుచరితకు కాలేజీ సీటు ఇప్పిస్తానన్నాడు."

"మా ఇంట్ల గూడ మనుషులున్నరు, సార్," అంది షారోన్.

డాక్టర్ ఫోన్ ఎత్తి స్టేషన్‌కు చెప్పాడు, నాలుగు కాకముందే. తర్వాత గొంతు తగ్గించాడు. "పోయి కూర్చోమ్మా. పని ఆగింది."

షారోన్ బెంచీ మీద నుంచి లేవలేదు. "మీరు నన్ను దొంగ అన్నది ఈ గదిల కాదు, సార్. బయట హాల్ల, అందరి ముంగట. ఆడికే వచ్చి చెప్పుండ్రి."

"ఇప్పుడెందుకమ్మా, అయిపోయింది కదా."

"నాకు అయిపోలే."

శ్రీహరిరావు తలుపు తీసి పట్టుకున్నాడు. బయట బెంచీల మీద వాళ్లు తలలెత్తారు. డాక్టర్ గుమ్మం దాటి నిలబడి ఏదో అన్నాడు. ముందు వరసకే వినపడలేదు.

"వెనకకు వినొస్తలేదు, సార్," అన్నాడు కృపాకర్.

డాక్టర్ గొంతు సవరించుకొని మళ్లీ మొదలుపెట్టాడు, ఈసారి ఆమె పేరుతో.