మూడో నెక్

సాఫ్ట్‌వేర్ కోర్సుల కోసం అమీర్‌పేట కిక్కిరిసిపోయిన రోజులవి. ఆ సాయంత్రం జావా క్లాసు అయ్యాక పంజాగుట్టలో రాజనర్సయ్య గారి కొట్టుకి వెళ్లాను. గిటార్లు బాగుచేస్తారాయన.

బైక్ పడిపోయినప్పుడు మా అన్నయ్య తేజ ఎలక్ట్రిక్ గిటార్ నెక్, అంటే ఎడమ చేత్తో తీగలు నొక్కే పొడవాటి చెక్క, విరిగి రెండు ముక్కలైంది. అన్నయ్య ప్రాణమైతే దక్కింది. గొంతులో గొట్టం, మాట లేదు. ఎడమ చేతి వేళ్లు కదలడం లేదు. కొత్త నెక్ చూస్తే కదిలిస్తాడేమోనని నా ఆశ.

"నెక్ కంటితోని చూస్తే తెల్వదు బిడ్డా. పట్టుకొని చూడు," అంటూ ఆయన రెండింటిని బల్ల మీద పెట్టారు.

ఒకటి లావు. ఇంకోటి సన్నం. అంతలో కరెంటు పోయింది. బయట జోరున వాన. కొట్టంతా వార్నిష్ వాసన, నానిన చెక్క వాసన. ఆయన కొవ్వొత్తి కోసం లోపలికి వెళ్లారు.

బల్ల మీద తడుముతుంటే మూడోది తగిలింది... వెచ్చగా. ఎవరో ఇప్పుడే వదిలినట్టు చెమటగా.

"ఇదే..." చెవి పక్కనే గుసగుస.

"ఏమన్నారండీ?"

"నేనేమన్లే," లోపలి గదిలోంచి జవాబు.

వెలుతురొచ్చాక చూస్తే రెండే ఉన్నాయి. గబగబా సన్ననిది చూపించాను. ఆయన పేపర్లో చుట్టిచ్చారు.

"అన్నకు చూపియ్యి. నచ్చితే బిగిస్త."

ఆసుపత్రిలో అన్నయ్య పక్కన కూర్చుని, తన ఎడమ చేతి దగ్గర పేపరు విప్పాను. నల్లబడి, అరిగిపోయిన చెక్క. నేను తెచ్చింది ఇది కాదు...

వెనక్కి తీసేయబోయాను. అన్నయ్య వేళ్లు కదిలాయి. ఒక్కొక్కటే దాన్ని చుట్టుకున్నాయి. సంతోషంతో ఏడ్చేసేదాన్నే. కానీ అన్నయ్య నా భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడు. వద్దు వద్దన్నట్టు తల ఊపుతున్నాడు.

తిరిగి చూశాను. ఎవరూ లేరు.

ఎంత విడిపించినా ఆ పట్టు వదల్లేదు. టైమైందని నర్సు నన్ను పంపేసింది.

పొద్దున్నే ఆయా రుద్రమ్మ తలుపు దగ్గర ఆపింది. గొంతు తగ్గించి అడిగింది.

"రాత్రి వచ్చినాయన మీ చుట్టమా అమ్మా? మీ అన్న ఎనుక కూసొని, చెయ్యి మీద చెయ్యేసి, వాయించుడు నేర్పుతుండె. అన్న ఏడుస్తున్నా ఇడ్వలే. నాకు భయమై లోపలికి పోలే..."

పరిగెత్తాను. అన్నయ్య నిద్రపోతున్నాడు. నెక్ గుండెల మీద ఉంది. దానికి ఒక్క తీగ కూడా లేదు.

అన్నయ్య ఎడమ చెయ్యి తిప్పి చూశాను.

వేళ్ల కొసలన్నిటికీ తీగలు కోసిన గాట్లు... నెత్తురు ఇంకా తడిగానే ఉంది.