కొంగులో నీలం చారలు

పొద్దున్నే బస్సుకి బయల్దేరుతూ జానకిరామ్ మగ్గం గది గుమ్మం దగ్గర ఆగాడు. తండ్రి వీరభద్రయ్య గుంటలో కాళ్ళు పెట్టుకుని అప్పటికే నేతలో పడ్డాడు. పక్కన పీట మీద తల్లి వెంకటరావమ్మ నూలు చుట్టిన కండెలు ఒక్కొక్కటే అందిస్తోంది. ఇంత వయసొచ్చినా మొగుణ్ణి వదిలి కదలదని వీధంతా ఆమెని వేళాకోళం చేస్తుంది. మొన్న చెల్లెలు సీతారావమ్మకి ఆపరేషనైతే ఒక వారం వెళ్ళి రావడమే గగనమైంది.

“నీ చీర టీవీకి ఎక్కబోతోంది నాన్నా.”

“ఎక్కనీరా. నల్ల చారల కొంగంటే మనదే అనాలి బెజవాడంతా,” అన్నాడు వీరభద్రయ్య తలెత్తకుండానే.

పటమటలో ఒక స్టూడియోలో వీడియో ఎడిటింగ్ జానకిరామ్ పని. బట్టల షాపు ప్రకటనకి తండ్రి నేసిన ఎర్రచీరే వాడాలని పట్టుబట్టి ఒప్పించింది అతనే. నచ్చితే ఏడాది పొడుగునా ఆర్డర్లిస్తామని షాపువాళ్ళు మాటిచ్చారు. కూచిపూడి నుంచి వచ్చిన నాట్యం అమ్మాయి ఆ చీరలో గిర్రున తిరుగుతుంటే, హైదరాబాదు నుంచి తెప్పించిన హైస్పీడ్ కెమెరాతో తీశారు.

ఆ కెమెరా ఇచ్చే, రంగులు దిద్దని ‘రా’ ఫుటేజీ సంగతే వేరు. సాఫ్ట్‌వేర్‌లో తెరవగానే అంతా పాచిపట్టినట్టు ఆకుపచ్చగా, పాలిపోయి కనిపించింది. షూటింగులో పట్టుకున్న తెల్ల అట్టని చూసుకుంటూ తెలుపు సరిచేశాడు. అమ్మాయి మొహం బాగుంది, చీర ఎరుపూ బాగుంది. కొంగులో మాత్రం సగం చారలు నలుపు, సగం నీలం. నీలం తగ్గిస్తే మొహం బూడిదరంగుకి తిరుగుతోంది. సెట్టింగులన్నీ మార్చాడు, ఇంకో కంప్యూటర్లో తెరిచి చూశాడు, కెమెరావాళ్ళకి ఫోన్ చేసి దులిపేశాడు. చివరికి విసుగెత్తి, స్టూడియో బీరువాలో దాచిన చీర తెచ్చి ఎండలో పరిచాడు. కెమెరా పాపం నిజమే చెప్పింది. ట్యూబ్‌లైటు కింద నలుపనిపించిన ముదురు నీలం ఎండలో బయటపడింది.

మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి చీర తండ్రి ముందు పడేశాడు.

“మిగిలిపోయిన నూలు కలిపేశావా నాన్నా? ఎవరు చూస్తార్లే అనుకున్నావా? నీ పనితనం చెప్పుకునే కదా నేను వాళ్ళని ఒప్పించింది.”

“నా చేత్తో నేసిన చీరరా అది. నలుపే.”

“అయితే వీటిలో నల్లది తీసివ్వు,” అంటూ జానకిరామ్ ఒక నల్ల కండె, ఒక నీలం కండె ఆయన చేతుల్లో పెట్టాడు.

వీరభద్రయ్య వాటిని కిటికీ వైపు తిప్పాడు. కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. ఎంతసేపటికీ ఏదీ ఇవ్వలేదు.

“కుడిచేతిదండీ,” అంది వెంకటరావమ్మ మెల్లగా.

జానకిరామ్ తల్లి వైపు తిరిగాడు. “ఎప్పట్నించమ్మా?”

“మూడేళ్ళు దాటింది. కంటి నరం ఎండిపోతోందన్నారు డాక్టర్లు. పోయిన చూపు తిరిగిరాదన్నారు. నీకు తెలిస్తే ఉద్యోగం మానేసి మగ్గం గుంటలో దిగుతావని చెప్పొద్దన్నారు మీ నాన్న. నేను పిన్ని దగ్గరున్న వారంలో నేశారు ఆ కొంగు.”

రంగులో పిసరంత తేడా ఉన్నా పట్టేస్తానని స్టూడియోలో గొప్పలు పోయేవాడు జానకిరామ్. మూడేళ్ళుగా ఇంట్లో తండ్రి కళ్ళని ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదు. సిగ్గూ ఏడుపూ కలిసి వచ్చాయి.

“కంప్యూటర్లో నలుపు చేసేస్తాను నాన్నా. ఎవరికీ తెలీదు.”

“టీవీలో చేస్తావు. కొనుక్కున్నామె ఒంటిమీద ఎవరు చేస్తార్రా? ఉన్నమాట చెప్పెయ్.”

“ఆర్డరు పోతుంది.”

“పోతుంది.”

చెప్పాడు. పోయింది. ఫోను పెట్టేసి లోపలికొచ్చేసరికి, మగ్గం మీదున్న చీర పూర్తిచేసి నేత ఆపేస్తానని తండ్రి అంటున్నాడు. తల్లి కొంగు నోటికడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఖాళీ అయిన పీట మీద జానకిరామ్ కూర్చున్నాడు.

“ఇది నల్లది నాన్నా.”

వీరభద్రయ్య అందుకుని నేశాడు. మళ్ళీ చెయ్యి చాపాడు.

“ఇది ఎర్ర…”

“ఎర్రది చెప్పక్కర్లేదురా,” అన్నాడాయన, కొడుకు వేళ్ళు తడుముకుని కండె అందుకుంటూ. “ఎరుపు ఇంకా కనిపిస్తోంది.”