కోయని గుడ్డ

కరుణాకర్ ప్యాంటు సరిగ్గా లిఫ్టు ముందు వంగినప్పుడే పిగిలింది.

హబ్సిగూడలో అదొక అయిదంతస్తుల అపార్ట్‌మెంటు. లిఫ్టు గుమ్మం దగ్గర ఏదో నట్టు వదులైందంటే బిగించడానికి వంగాడు. వెనక సర్రుమని చప్పుడు. పాల ప్యాకెట్లు పట్టుకుని ఎదురుగా నిలబడ్డ ముసలావిడ హడలిపోయింది.

"తాడు తెగిందా నాయనా?"

"లేదమ్మా, తాడు మంచిగనే ఉన్నది" అంటూ కరుణాకర్ గోడకు వీపు ఆనించి, పక్కపక్కగా అడుగులేసుకుంటూ పార్కింగులోకి జారుకున్నాడు.

లిఫ్టులు బాగుచేసే కంపెనీలో సూపర్‌వైజరు అతను. మధ్యాహ్నం నాచారం ఆఫీసులో మీటింగు. ఇల్లేమో ఉప్పల్ అవతల. టూల్స్ బ్యాగు వెనక్కి వేలాడేసుకుని బండి మీద వస్తుంటే, నాచారంలో ఒక సందు మొదట్లో "ఆల్ట్రేషన్ చేయబడును" అన్న బోర్డు కనిపించింది. దేవుడే రాయించి పెట్టాడనుకున్నాడు.

లోపల ఒక అమ్మాయి మెషిన్ తొక్కుతోంది.

"అర్జెంటుగ కుట్టాలె మేడం."

"ఏది?"

"ఏసుకున్నదే."

ఆమె పెదవి కొరికి పట్టుకుంది. పాపం, నవ్వకూడదని గట్టిగానే ప్రయత్నించింది. "గా పర్దా ఎనకకు పోండ్రి అన్నా. మా నాన్న లుంగీ ఉంటది, కట్టుకోండ్రి."

పర్దా వెనక, ఎవరిదో గళ్ళ లుంగీలో, అంగీ ఇన్‌షర్టు నలిగిపోయి నిలబడ్డాడు కరుణాకర్. ఇటువంటప్పుడు అతని అలవాటు ఒకటుంది. అవతలివాళ్ళకంటే ముందు తనే నవ్వేస్తాడు.

"ప్యాంటుది తప్పు లేదు మేడం. లోపలున్న లగేజీ ఎక్కువైంది. లిఫ్టుల నేనెక్కితే ఇంకోల్లకు జాగ ఉండదు. మా ఓనరు నన్నే పెట్టి వెయిట్ టెస్ట్ చేస్తడు."

మెషిన్ ఆగింది.

"మీ మీద మీరే గంత గనం నవ్వుకుంటే, వేరేటోళ్ళకు ఏం మిగులుతది అన్నా?"

వెక్కిరింపు లేదు ఆ గొంతులో. చిన్నప్పటి నుంచి అతనితోపాటు నవ్వినవాళ్ళే కానీ, నవ్వకు అన్నవాళ్ళు లేరు.

ప్యాంటు పర్దా మీదుగా వచ్చింది. "కుట్టిన. జర లూజ్ చేద్దమంటే లోపల గుడ్డనే లేదు. రెడీమేడోళ్ళు అంత కోసి పారేసిన్రు. ఇప్పటికైతే ఆగుతది. కూసునేటప్పుడు పైలం."

ఆమె పేరు రెబెక్కా. దుకాణం ముందు కుర్చీలో కాజాలు కుడుతున్న జ్ఞానయ్య ఆమె తండ్రి. కళ్ళద్దాలు మందమయ్యాక మెషిన్ బిడ్డకు అప్పగించి, గుండీలూ కాజాలూ తాను చూసుకుంటున్నాడు. ఈ సంగతులన్నీ కరుణాకర్ వెళ్తూ వెళ్తూ రాబట్టినవే. నవ్వకు అన్న మనిషి పేరు తెలుసుకోకుండా ఎవరు పోతారు?

మర్నాటి నుంచి, లిఫ్టుల మీద బతికేవాడు మెట్లెక్కడం మొదలుపెట్టాడు.

"కస్టమర్లు సూస్తే ఏమనుకుంటరయ్యా? మన లిఫ్టు మీద మనకే నమ్మకం లేదనుకోరా?" అని ఓనరు లబలబలాడాడు. కరుణాకర్ వినలేదు. సాయంత్రం ఉప్పల్ స్కైవాక్ మీద కూడా మెట్లే. ఆదివారం చర్చి నుంచి వచ్చాక తల్లి సాలమ్మ బగారన్నం గుట్టలా పెడితే, సగం తీసి పక్కన పెట్టాడు. ఆమె గాభరాగా నుదురు పట్టి చూసింది.

"జ్వరం గిట్ల ఉన్నదా బిడ్డా? పాస్టరు గారిని ప్రార్థనకు పిలువాల్నా?"

"ఏం లేదమ్మా. ఆకలైనంతనే తింటున్న."

"గదే నా పరేషాన్" అంది సాలమ్మ.

ఎండాకాలం పోయేసరికి బెల్టు ఆఖరి చిల్లు కూడా చాలలేదు. ఉన్న ప్యాంట్లన్నీ మూట గట్టుకుని నాచారం వెళ్ళాడు. రెబెక్కా టేపు పట్టి చూసి కళ్ళు పెద్దవి చేసింది.

"మస్తు తగ్గిన్రు!"

ఆ "మస్తు" చాలదా? కొన్నాళ్ళకు మళ్ళీ వెళ్ళాడు. ఇంకొన్నాళ్ళకు ఇంకోసారి. అన్నీ ఒకేసారి ఇస్తే పని అయిపోతుందని, ఒక్కో ప్యాంటే పట్టుకెళ్ళే తెలివి కూడా వచ్చింది.

"మీరు తగ్గుడు, మా ఇల్లు నడుసుడు, మంచిగనే ఉన్నది సారూ" అని జ్ఞానయ్య కాజాల్లోంచి తలెత్తకుండా అనేవాడు.

ఇంతలో ఒక వింత జరిగింది. రెబెక్కా మాటల్లోంచి "అన్నా" మాయమైంది. దాని స్థానంలో ఇంకే పిలుపూ రాలేదు; ఖాళీగా వదిలేసింది. అది గమనించిన రోజు కరుణాకర్ బండి అక్కడే మరిచిపోయి, ఉప్పల్ దాకా నడిచి వెళ్ళిపోయాడు.

కానీ ఇంకో వింత అతను గమనించలేదు. పది నిమిషాల్లో అయ్యే నడుము కుట్టుకి రెబెక్కా "రేపు రండ్రి" అనేది. రేపు వెళ్తే, "కరెంటు పోయింది, ఎల్లుండి రండ్రి" అనేది. పక్క దుకాణంలో ఫ్యాను గిర్రున తిరుగుతూనే ఉండేది. మూసిన తలుపు వెనక లిఫ్టు మోటారు గరగర విని జబ్బేమిటో చెప్పగలవాడికి, ఎదురుగా ఉన్న అమ్మాయి మనసు మాత్రం అంతుపట్టలేదు.

వానలు పడ్డాక ఉప్పల్‌లో జిమ్ములో చేరాడు. అక్కడ ట్రైనర్ శివ అతన్ని పైనుంచి కిందకు చూశాడు.

"తగ్గినవన్నా, ఒప్పుకుంటా. గని గాలి జోరుగొస్తే పడిపోతవ్. బలం లేదు. ఇగ తగ్గుడు కాదు, మోసుడు నేర్సుకోవాలె."

బరువులేమీ లేని ఖాళీ రాడ్ భుజాల మీద పెట్టి గుంజీలాగా కూర్చోమన్నాడు. కరుణాకర్ కూర్చున్నాడు. లేవడమే కుదరలేదు. చుట్టూ అద్దాల్లో నలుగురు కరుణాకర్‌లు గుడ్లు తేలేసి అతన్నే చూస్తున్నారు. అలవాటు కొద్దీ ఒక జోకు నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, పళ్ళు బిగించి లేచాడు.

"శభాష్. గిదే కావాలె" అన్నాడు శివ.

మరుసటి రోజు నాచారంలో ఇంకో ప్యాంటు ఇచ్చాడు, అంగీ కొలత కూడా.

"చెయ్యి లేపుండ్రి."

"లేవది."

"గింతన్న?"

"దేవుడే దిగొచ్చినా చేతులెత్తి వందనం చేసే తాకత్ లేదు నాకియ్యాల."

రెబెక్కా ఫక్కున నవ్వింది. అతని చెయ్యి తనే నెమ్మదిగా పట్టి ఎత్తి, కింద నుంచి టేపు చుట్టింది. ఆమె జడలోంచి కొబ్బరినూనె వాసన. బయట రేకు మీద టపటపా వాన మొదలైంది. జ్ఞానయ్య కుర్చీ లోపలికి లాక్కుని, చాయ్ తేవడానికి గొడుగేసుకుని వెళ్ళాడు. ఇద్దరూ ఒకరినొకరు చూడకుండా, ఇద్దరూ వాననే చూశారు.

"ఇంకెంత తగ్గాలె?" అంది ఆమె.

"ఇగ సాలంటుండు జిమ్ముల శివ. మీకు నా లొల్లి తప్పుతది. గిదే ఆఖరి ఆల్ట్రేషన్ కావచ్చు."

ఆమె సంతోషిస్తుందనుకున్నాడు. ఆమె మెషిన్ దగ్గరకు వెళ్ళి కూర్చుంది. "మంచిదే గదా" అంది. సూదిలో దారం ఎక్కించడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

గొడవ మరుసటి వారం వచ్చింది. జిమ్ములో బట్టలు మార్చుకుంటుంటే, ఆ రోజు ఇచ్చి కుట్టించుకున్న ప్యాంటు తిరగబడింది. లోపల కుట్టు పక్కన, నడుము నుంచి తొడల దాకా, గుడ్డ మడతలు మడతలుగా ఉంది. శివ పట్టుకుని చూశాడు.

"ఏందన్నా, గింత గుడ్డ కోయకుంటనే ఉంచిన్రు? నువ్వు మల్ల లావైతవని ముందుగాలనే రెడీగ పెట్టినట్టున్నరు" అని నవ్వాడు.

శివ తమాషాకే అన్నాడు. కానీ కరుణాకర్‌కు అది ముల్లులా దిగింది. రోజూ పొద్దున్నే లేవగానే అతనికి ఒకటే భయం. ఆ పాత కరుణాకర్ ఎక్కడికీ పోలేదు, గుమ్మం బయట చెప్పులు విడిచి కూర్చున్నాడు, ఎప్పుడైనా లోపలికి వస్తాడు. రెబెక్కా అలా అనుకోదని నమ్మాడు. ప్రపంచంలో ఆ ఒక్క మనిషి.

తిన్నగా దుకాణానికి వెళ్ళి ప్యాంటు బల్ల మీద పెట్టాడు.

"లోపలి గుడ్డ కోసెయ్యుండ్రి."

"కోయ."

"ఎందుకు?"

"మా దుకాణంల కోయం. నాన్న కోయలే, నేను కోయ."

"మీ కట్టుబాటు కాదది. నేను మల్ల లావైతననే గదా మీ లెక్క?"

రెబెక్కా నోరు తెరిచి, గుమ్మంలో కూర్చున్న తండ్రి వైపు చూసి, మూసుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళకు కోపం తోడైంది.

"గట్లనే అనుకో పో!"

మొదటిసారి అతన్ని నువ్వు అంది. అది పట్టించుకునే స్థితిలో లేడతను. ప్యాంటు అక్కడే వదిలేసి వచ్చేశాడు.

ఏఎస్ రావు నగర్‌లో పెద్ద షాపులో కొత్త ప్యాంట్లు కొన్నాడు. స్లిమ్ ఫిట్. పొడవు సరిచేసిన కుర్రాడు మిగిలిన గుడ్డను చకచకా కత్తిరించి బుట్టలో పడేశాడు. అడిగింది అదే కదా? అయినా ఆ బుట్ట వైపు చూస్తే అతనికి ఏదోలా అయింది.

కోపమంతా రాడ్ మీద తీర్చుకున్నాడు. వానలు వెళ్ళి చలి వచ్చింది. ఖాళీ రాడ్‌కు చిన్న ఇనప బిళ్ళలు, చిన్న బిళ్ళల తర్వాత పెద్దవి ఎక్కాయి. లేవలేనేమో అనిపించిన ప్రతిసారీ ఒక గొంతు వినబడేది: మీ మీద మీరే గంత గనం నవ్వుకుంటే, వేరేటోళ్ళకు ఏం మిగులుతది? కోపంలో ఉన్నవాడికి అదే గొంతు బలమివ్వడం ఏం న్యాయం? కానీ ఇచ్చింది. తొడలు గట్టిపడ్డాయి, భుజాలు నిండాయి. బలంగా ఉన్నాడు, దిగులుగానూ ఉన్నాడు. నాచారం ఆఫీసుకు చుట్టు తిరిగి వేరే సందులోంచి వెళ్ళేవాడు.

చలి తగ్గుతున్న రోజుల్లో, హబ్సిగూడలో అదే అపార్ట్‌మెంటు, అదే లిఫ్టు. వంగాడు.

సర్రు.

"మళ్ళీ తాడేనా నాయనా?" అంది పాల ప్యాకెట్ల ముసలావిడ.

ఈసారి తొడ దగ్గర పిగిలింది. కరుణాకర్ అలాగే నిలబడి, గట్టిగా నవ్వాడు. తన మీద కాదు, తన మొండితనం మీద. ఆ సందుకు వేరే దారి ఎంత వెతికినా, చిరిగిన ప్యాంటుకు తెలిసిన దారి ఒకటే. బండి నాచారం వైపు తిప్పాడు. దారిలో అకాల వాన పట్టుకుంది.

తడిసి గుమ్మంలో నిలబడ్డ మనిషిని రెబెక్కా కాసేపు చూసింది. చిక్కిపోయింది. కళ్ళు మాత్రం అవే.

"ఏది?" అంది.

"ఏసుకున్నదే."

ఆమె పెదవి కొరుక్కుంది. పర్దా వెనక అదే గళ్ళ లుంగీ, కొత్తగా ఉతికి మడతపెట్టి ఉంది.

"దీంట్ల ఏం మిగలలే" అంది పర్దా అవతల నుంచి. "కుట్టినా ఆగది." తర్వాత అలమారా తలుపు చప్పుడు. "నువ్వు ఇడిసిపోయినవే, గా ప్యాంటు ఉన్నది. నడుము గట్లనే ఉంచి తొడలకాడ ఇప్పుతా. గుడ్డ ఉన్నది గదా."

మెషిన్ మొదలైంది. ఎదురుగా మొహం లేకపోతే మాట తేలికవుతుంది. కరుణాకర్ పర్దాకే చెప్పుకున్నాడు.

"రెబెక్కా, ఒక్కటి నిజం చెప్పు. నేను ఓడిపోతననే గదా గుడ్డ ఉంచినవ్?"

మెషిన్ ఆగింది. వాన మాత్రం ఆగలేదు.

"నువ్వు లావైతవో సన్నగైతవో నాకేమెరుక? ఎట్లున్నా నువ్వే గదా. అందరికి లోపల రెండు వేళ్ళ మందం ఇడుస్తం. నీకు ఎక్కువనే ఇడిసిన." కత్తెర బల్ల మీద పెట్టిన చప్పుడు. "ఆఖరి ఆల్ట్రేషన్ అన్నవ్. అంత కోసేస్తే ఇగ నీకు ఈడ పనేమున్నది? లోపల గుడ్డ ఉంటే, కుట్లు ఇప్పించుకునేటందుకన్న వస్తవనుకున్న. ఆ దినం మా నాన్న ముందట గీ మాట ఎట్ల చెప్పాలె?"

కరుణాకర్ పర్దా పక్కకు తీశాడు. లుంగీలో ఉన్నానన్న సంగతి కూడా మరిచాడు.

"పిచ్చిదానా! నువ్వు నన్ను ఈడికి రప్పియ్యనీకె గుడ్డ ఉంచినవ్. నేను ఈడికి రానీకె తగ్గిన. ప్యాంటు లూజైతేనే గదా నిన్ను సూసేది! నువ్వంటే నాకు పానం రెబెక్కా. మొదటి దినం పర్దా ఎనక నిలబడ్డప్పటి సంది."

రెబెక్కా మొహం చేతుల్లో దాచుకుంది. వేళ్ళ సందుల్లోంచి నవ్వూ ఏడుపూ రెండూ కనిపిస్తున్నాయి.

ఇద్దరూ మరిచిపోయిన గుమ్మం కుర్చీలోంచి దగ్గు వినిపించింది. జ్ఞానయ్య కాజా కుట్టి, దారం పళ్ళతో కొరికి, కళ్ళద్దాల మీదుగా చూశాడు.

"నేనిన్ని దినాలు కాజాలు కుట్టుకుంట గీడనే కూసున్న. ఫ్యాను తిరుగుతుంటే కరెంటు లేదన్నప్పుడే సమజైంది నాకు." తర్వాత కరుణాకర్ వైపు తిరిగాడు. "చూడు బిడ్డా, నా లుంగీ రెండుసార్లు కట్టినవ్. ఇగ బయటోనివి ఎట్లయితవ్? వచ్చే ఆయితారం చర్చి అయినంక మీ అమ్మను తోల్కరా."

సాలమ్మ వచ్చింది. రెబెక్కాను చూసింది, ఆమె పెట్టిన అన్నం చూసింది, కొడుకు రెండోసారి అడిగి పెట్టించుకోవడం చూసింది. ఇంకేమీ అడగలేదు.

పెళ్ళి సూటు పెళ్ళికూతురే కత్తిరించింది. కొలతలు జ్ఞానయ్య తీశాడు. చేతులెత్తమంటే కరుణాకర్ హాయిగా పైకెత్తాడు. బల్ల మీద నల్ల గుడ్డ పరిచి, సుద్దముక్క పట్టుకుని రెబెక్కా అడిగింది.

"లోపల ఎంత ఇడువాలె నాన్నా?"

"నిండుగ ఇడువు తల్లీ. ఇంక మస్తు ఏండ్లు బతికేటోళ్ళు. మనిషి ఎట్లెట్ల మారుతడో. ఎట్ల మారినా గిదే కోటు పట్టాలె."

రెబెక్కా సుద్దగీత ఇంకాస్త జరిపి గీసి, కరుణాకర్ వైపు చూసింది. ఈసారి అతను కోసెయ్యమనలేదు.