కొట్టించుకునే సమాధి

బస్ డిపో వెనకాల పాత సమాధుల తోట ఒకటి ఉండేదట. పగలంతా చల్లటి నీడ, పిట్టల గోల. చీకటి పడితే మాత్రం ఆ దారిన కుక్క కూడా పోదనేవాళ్ళు. లోపల్నుంచి దెబ్బల చప్పుడు వచ్చేది. దబ్... దబ్... వెనకే ఒక మూలుగు. కొట్టేదెవరో, కొట్టించుకునేదెవరో చూసొచ్చినవాళ్ళు లేరు.

మరి అలాంటి చోటికి కండక్టరమ్మ ఎందుకెళ్ళిందంటారా?

ఆవిడ చేతులు ఆవిడ మాట వినడం మానేశాయి. బస్సులో ఒక తాగుబోతు ఆవిడ జుట్టు పట్టి ఈడ్చి, మెట్ల మీద పడేసి తన్నాడు. ఆ రోజు నుంచీ అంతే. వాణ్ణి ఏమీ చెయ్యలేని కోపాన్ని మోసుకొచ్చి ఇంట్లో దించేది. ఇంట్లో ఉన్నదల్లా చిన్నపిల్ల, కూతురొక్కతే.

తోటకి వెళ్ళిన రోజు పొద్దున జడ వేస్తుంటే పిల్ల కదిలింది. దువ్వెన విసురుకి చెవి చీలిపోయి, స్కూలు బట్టల మీదికి రక్తం కారింది. పిల్ల ఏడవలేదు. ఏడిస్తే ఇంకోటి పడుతుందని దానికి తెలుసు.

ఆస్పత్రిలో పిల్ల చెవికి కుట్లు పడుతుంటే కండక్టరమ్మ కుప్పకూలిపోయింది. "దాన్ని చంపేస్తానేమోనని భయంగా ఉంది డాక్టరమ్మా!"

"మందు రాస్తాను. దాంతోపాటు రోజూ కాసేపు చెట్ల మధ్య నడవాలమ్మా. పార్కు దగ్గర్లో లేకపోతే సమాధుల తోటైనా సరే."

ఆ మాటలో అబద్ధమేం లేదు. హారన్లు వినపడని పచ్చటి చోట ఊపిరి నెమ్మదిస్తుంది. ఊపిరి నెమ్మదిస్తే గుండె, గుండె నెమ్మదిస్తే చెయ్యి.

పిల్లని పక్కింటావిడకి అప్పగించి డ్యూటీకి వెళ్ళింది. దిగేసరికి చీకటి పడింది. తోట వైపు తిరగ్గానే డ్రైవరు కేకేశాడు.

"అక్కా, అక్కడికి రిటర్న్ టికెట్ ఇవ్వరట!"

"నోరు ముయ్యరా. చచ్చినవాళ్ళు నన్ను తన్నలేదులే."

లోపల తడి ఆకుల వాసన. చల్లగాలి. ఎన్నాళ్ళకో ఆవిడ భుజాలు కిందికి దిగాయి...

దబ్.

దబ్... దబ్... అడుగు వెనక్కి వెయ్యబోయి, కొమ్మల సందులోంచి చూసింది. ఒక ముసలావిడ — జుట్టంతా నెరిసిపోయి, ఆయాసపడుతూ — ఒక సమాధిని దుడ్డుకర్రతో బాదుతోంది!

హమ్మయ్య, మనిషే.

"ఎవరు పెద్దమ్మా..." గుసగుసగా అడిగింది. "మొగుడా?"

ముసలావిడ కర్ర చాపింది. "నువ్వూ రెండు వెయ్యి తల్లీ. తేలికవుతుంది."

కండక్టరమ్మ కర్ర అందుకుంది. మొదటి దెబ్బ ఆ తాగుబోతు మొహానికి. తర్వాతిది, తను మెట్ల మీద దొర్లుతుంటే చూస్తూ నవ్విన బస్సెడు జనానికి. ఆ తర్వాత ఎవరికన్నది లేదు. పళ్ళు బిగించి బాదింది. రాతి అంచు విరిగి ఎగిరిపడింది. అరచేతులు చిట్లి కర్ర నెత్తురైంది. అయినా ఆపలేదు. ఎంత హాయిగా ఉందో!

అప్పుడు కాళ్ళ కింద నేల మూలిగింది.

"చాలు... చాలమ్మా..."

ఆడగొంతు.

కర్ర జారిపోయింది. "పెద్దమ్మా... ఇది మీ ఆయన కాదా?"

"మా ఆయన దేవుడు, తల్లీ. ఇది మా అమ్మ."

ముసలావిడ నెరిసిన జుట్టు పక్కకి తోసింది. చెవి నిలువునా చీలి, ఎప్పుడో కుట్లు పడి అతుక్కున్న మచ్చ.

నేలలోంచి మళ్ళీ ఆ గొంతు. బస్సులో రోజంతా "ముందుకి జరగండి, ముందుకి జరగండి" అని అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు...

"ఇక చాలే, బంగారూ..."

కండక్టరమ్మ రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుంది.

ఆ గొంతు తనదే.